మైల అడగని కొండదారి

వెయ్యేళ్ల కిందట జపాన్‌లో క్యోటో నుంచి కొండల్లోని కుమానో పుణ్యక్షేత్రానికి వెళ్లి రావడమంటే దాదాపు నెల రోజుల ప్రయాణం. సింహాసనం దిగిన చక్రవర్తి గో-షిరాకావా ఆ యాత్ర 34 సార్లు చేశాడంటారు. ఆయన మనవడు గో-తోబా 28 సార్లు వెళ్లాడు. 1201లో గో-తోబా పరివారంలో నడిచిన ఫుజివారా నో తెయికా అనే కవి దారి పొడుగునా డైరీ రాసుకున్నాడు. అందులో భక్తితో పాటు అలసట, అనారోగ్యం, తలదాచుకోను సరైన చోటు దొరకని రాత్రులు కూడా ఉన్నాయి. రాజుల వెనక సైనికులు నడిచారు, వాళ్ల వెనక రైతులూ వ్యాపారులూ నడిచారు. ఎక్కడైనా జనం బారులు తీరితే 'కుమానో యాత్రకు పోయే చీమలు' అనడం జపాన్‌లో నానుడి అయిపోయింది.

నాకు ఈ దారి మీద ఇష్టం కలిగింది రాజుల వల్ల కాదు. మిగతా పుణ్యక్షేత్రాలు గడప బయటే ఆపేసిన మనుషులు ఇక్కడికి రాగలిగారు. ఆడవాళ్లు వచ్చారు. చూపు లేనివాళ్లు, నడవలేనివాళ్లు, ఊరు వెలేసిన కుష్ఠురోగులు వచ్చారు. ఈ కొండల మధ్య ఉబికే వేడినీళ్లలో అందరూ ఒకేలా మునిగారు. శుద్ధి అనేది ఎవరికి ఉందో చూసి లోపలికి పంపడం ఒక పద్ధతి. వచ్చినవాళ్లెవరైనా నడిచి, చెమటోడ్చి, స్నానం చేసి శుద్ధి అవుతారని నమ్మడం ఇంకో పద్ధతి. ఈ రెండో పద్ధతే గొప్పదని నేను మనసా వాచా నమ్ముతున్నాను. అలా నమ్మడానికి కావలసిన ధైర్యం పూర్తిగా దొరికింది మా అత్తయ్యతో కలిసి ఆ దారిలో నడిచిన రోజున.

జపాన్ ప్రధాన ద్వీపానికి దక్షిణాన సముద్రంలోకి చొచ్చుకొచ్చిన కొండల ముద్ద కీ ద్వీపకల్పం. కుమానో కోదో అని పిలిచే పాత యాత్రాదారులు ఆ కొండల నిండా ఉన్నాయి. 2004లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మొత్తం నడవాలంటే రోజులు కావాలి గానీ, చివరి ముక్కను ఒక్క పూటలో నడవచ్చు. హొష్షిన్‌మోన్ అనే చోట మొదలుపెట్టి హొంగూ మహాలయం దాకా 7 కిలోమీటర్లు. అక్కడి నుంచి దైనిచి కొండ ఎక్కి దిగితే యునోమినె అనే వేడినీటి ఊరు. మేం ఎంచుకున్నది ఇదే.

అత్తయ్యది పాలకొల్లు దగ్గర పల్లె. అరవై దాటాయి. ఒసాకాలో మా ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ పెద్ద పెద్ద దుకాణాలూ, రైళ్లూ చూపిస్తుంటే మర్యాదకి చూసేది. "కొండలున్నాయటగా, అక్కడికి తీసుకెళ్లు" అని నోరు తెరిచి అడిగింది ఈ ఒక్క చోటుకే. నవంబరులో బయల్దేరాం. కీ-తనబె అనే సముద్రతీరపు ఊళ్లో రాత్రి పడుకుని, పొద్దున్నే కొండల్లోకి రెండు గంటలు బస్సులో వెళ్లాం.

దారి పొడుగునా 'ఓజి' అనే చిన్న చిన్న గుళ్లుంటాయి. కుమానో దేవతల పరివారం కొలువుండే చోట్లు అవి. తొంభై తొమ్మిది అంటారు గానీ అది లెక్క కాదు, చాలా అని అర్థం. కొన్నిచోట్ల గుడి కూడా లేదు, నాచు పట్టిన రాయి ఒకటి ఉంటుంది. ప్రతి ఓజి దగ్గరా చెక్క పెట్టెలో ఒక ముద్ర, సిరా ఉంటాయి. యాత్రికులు తమ పుస్తకంలో ముద్ర వేసుకుంటూ వెళ్తారు. హొష్షిన్‌మోన్ అంటే బోధిచిత్తం, అంటే జ్ఞానం పొందాలన్న సంకల్పం, కలిగే ద్వారం. ఒకప్పుడు ఇక్కడ నిజంగానే పెద్ద ద్వారం ఉండేది. దాన్ని దాటితే హొంగూ పుణ్యభూమిలో అడుగుపెట్టినట్టే. పుస్తకంలో మొదటి ముద్ర అత్తయ్యే వేసింది, వంకర పోకుండా, రెండు చేతులతో నొక్కి పట్టి.

మొదటి గంట నడక అడవిలో కాదు, ఊళ్ల మధ్య. తేయాకు మొక్కల వరసలు, ఆకులు రాలి కాయలు మాత్రమే మిగిలిన చెట్లు, ఇళ్ల ముందు చెక్కతో చెక్కిన మనుషుల బొమ్మలు. ఒక మలుపులో మనిషి లేని చిన్న బల్ల. దాని మీద ఉప్పులో ఊరవేసిన ఉమె అనే పుల్లటి కాయల పొట్లాలు, పక్కన డబ్బులు వేయడానికి డబ్బా. జపాన్‌లో పండే ఉమెలో సగానికి పైగా ఈ వాకయామా రాష్ట్రంలోనిదే. అత్తయ్య ఒకటి నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. మన ఊరవేసిన ఉసిరికాయలాగే పళ్లు జివ్వుమనే పులుపు. "కారం ఒక్కటే తక్కువ" అంది. ఇంకో పొట్లం తీసుకుని డబ్బాలో నాణేలు లెక్కపెట్టి వేసింది. ఆ ఊళ్లలో యువకులు తక్కువ, ఇళ్లు చాలావరకు తలుపులు మూసి ఉన్నాయి. యాత్రికులకు దారి ఊడ్చి పెట్టేది, బల్ల మీద పొట్లాలు పెట్టేది అత్తయ్య వయసు వాళ్లే, అంతకన్నా పెద్దవాళ్లే.

మిజునోమి ఓజి దగ్గర ఒక జిజో విగ్రహం ఉంది. జిజో అంటే మన బౌద్ధంలోని క్షితిగర్భుడు, యాత్రికులనూ పిల్లలనూ కాచే బోధిసత్వుడు. ఈ విగ్రహం నడుం దగ్గర రాయి అడ్డంగా పగిలింది. ఆ పగులులో నాణెం పెడితే నడుంనొప్పి పోతుందని నమ్మకం. పగులు నిండా నాణేలే. పొలంలో వంగి నాట్లు వేసిన ఆడవాళ్లు, కలప మోసిన మగవాళ్లు ఎంతమంది పెట్టి ఉంటారో. అత్తయ్య మధ్యలో చిల్లున్న అయిదు యెన్ల నాణెం అడిగి తీసుకుని పగులులో దూర్చింది. దేవుడు గొప్పవాడై ఉండాలని మనం అనుకుంటాం. ఈ దేవుడికి నడుం విరిగి ఉండటం వల్లే జనం దగ్గరయ్యారు.

అక్కడి నుంచి అడవి. సెదరు, సైప్రస్ చెట్లు నిటారుగా, వరసల్లో ఉంటాయి. చాలావరకు మనుషులు కలప కోసం నాటినవే. కింద వెలుగు తక్కువ. వేళ్లు పైకి తేలి మెట్లలా ఉంటాయి. అత్తయ్య రెండు చేతుల్లో రెండు కర్రలు పట్టుకుని, మడమ ఆనించి, తర్వాత ముందు పాదం ఆనించి నడిచింది. పొలం గట్ల మీద నడిచినవాళ్ల నడక అది. ఎక్కడా జారలేదు.

ఫుషిఓగామి ఓజి దగ్గర చెట్లు తొలగి ఒక్కసారిగా కొండలు కనిపిస్తాయి. వరస వెనక వరస, దూరం పోయేకొద్దీ నీలం. అడుగున నది వంపు. ఆ వంపులో హొంగూ ఉండేది. వారాల తరబడి నడిచి వచ్చినవాళ్లు ఇక్కడే మొదటిసారి దాన్ని చూసి సాష్టాంగపడేవారు. పక్కనే ఒక పాత రాతి స్తూపం ఉంది. దాన్ని ఇజుమి షికిబు పేరు మీద చెబుతారు.

ఇజుమి షికిబు దాదాపు వెయ్యేళ్ల కిందటి కవయిత్రి. గెంజి కథ రాసిన మురాసాకి షికిబు కొలువు చేసిన మహారాణి దగ్గరే ఈమె కూడా కొలువు చేసింది. ఆమె కుమానో యాత్రకు వచ్చి, సరిగ్గా ఈ చోటికి చేరేసరికి బయట చేరిందని కథ. ఆలయం కళ్ల ముందుంది, ముందుకు వెళ్లడానికి లేదు. ఆ దుఃఖాన్ని పద్యంలో చెప్పుకుని ఇక్కడే ఆ రాత్రి ఉండిపోయింది. కలలో కుమానో దేవుడు వచ్చి, నీ స్థితి నాకు అడ్డం కాదు, వచ్చి దర్శనం చేసుకో అని చెప్పాడు.

నేను కథ ముగించాక అత్తయ్య కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

"ఆవిణ్ణి రమ్మన్నాడా?"

"రమ్మన్నాడు అత్తయ్యా. కలలో కనబడి మరీ చెప్పాడట."

"గుళ్లోకేనా?"

"గుళ్లోకే."

ఆమె బల్ల మీద కూర్చుని కర్రలు పక్కన పెట్టింది. "మీ ఆయన పుట్టినప్పటి మొక్కు ఒకటుండేదమ్మా. పిల్లాడికి మూడో ఏడు వచ్చాక కొండకెళ్లాం. మొక్కు నాది కాబట్టి మెట్లన్నీ నేనే నడిచెక్కాను. మీ మావయ్యా, మా అత్తగారూ, పిల్లాడూ బస్సులో వచ్చారు. పైకెళ్లిన రాత్రే బయట చేరాను. తెల్లారి అందరూ దర్శనానికెళ్లారు. నేను గదిలో సామాన్లకి కాపలా ఉన్నాను." కొంచెం ఆగి, "ఎవర్నీ ఏమనట్లేదు. అప్పుడు నేనూ అదే సబబనుకున్నాను. కానీ నడిచింది నేను కదా" అంది.

ఆ చివరి మాటకు నా దగ్గర సమాధానం లేదు. ఇప్పటికీ లేదు. నాకు పెళ్లయి ఇన్నేళ్లయినా ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ చెప్పగా వినలేదు. చెప్పుకోదగ్గ విషయంగా ఎవరికీ తోచలేదు, అంతే.

ఇజుమి షికిబు నిజంగా ఇక్కడికి వచ్చిందా అంటే, ఈ కథ మనకు కనిపించేది ఫూగాషూ అనే కవితా సంకలనంలో. అది ఆమె కాలం తర్వాత మూడు వందల ఏళ్లకు, 1340లలో కూర్చింది. కాబట్టి దీన్ని చరిత్ర అనలేం. నాకు అంతకన్నా విలువైనదిగా తోచేది ఇంకొకటి: ఒక పుణ్యక్షేత్రం తన గురించి ఇలాంటి కథ పుట్టనిచ్చింది, ఊరూరా చెప్పుకుంది. కుమానో భిక్షుణులు స్వర్గనరకాల పటాలు చుట్టి పట్టుకుని దేశమంతా తిరిగి, ఆడవాళ్లను కూర్చోబెట్టి, బొమ్మలు చూపిస్తూ ఈ దేవుడి గురించి చెప్పారు. దీని వెనక డబ్బు అవసరం కూడా ఉంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. 1221లో గో-తోబా సైనిక ప్రభుత్వమైన షోగునేట్ మీద యుద్ధం చేసి ఓడిపోయాడు. ఆ తర్వాత రాజుల యాత్రలు సన్నగిల్లాయి, వాళ్ల కానుకలూ తగ్గాయి. సామాన్యులు వస్తేనే కుమానో నిలబడుతుంది. కానీ అవసరం ప్రతి గుడికీ ఉంటుంది. అవసరం వచ్చినప్పుడు తలుపు తెరవాలని తోచడమే గొప్ప.

ఎందుకంటే ఈ కొండల్లోనే తలుపు తెరవనివి ఉన్నాయి. ఫుషిఓగామి దాటాక మూడు దుకాణాల కూడలి అనే చోట ఉత్తరం నుంచి ఇంకో దారి వచ్చి కలుస్తుంది. దాదాపు 70 కిలోమీటర్ల అవతల ఉన్న కోయాసాన్ నుంచి వచ్చే దారి అది. షింగోన్ బౌద్ధానికి మూలస్థానమైన కోయాసాన్‌లోకి వెయ్యేళ్లకు పైగా ఆడవాళ్లను రానివ్వలేదు. వాళ్ల కోసం పొలిమేరల్లో విడిగా మందిరాలు కట్టారు. అక్కడ ప్రార్థన చేసుకుని, కొండ చుట్టూ తిరిగి, లోపలి గోపురాల కొనలు చూసి వెళ్లాలి. అలాంటివి ఏడు ఉండగా ఇప్పుడు ఒకటి మిగిలింది. 1872లో మెయిజీ ప్రభుత్వం ఇలాంటి నిషేధాలన్నీ రద్దు చేసింది. అయినా ఓమినె శ్రేణిలోని సంజోగతకె శిఖరం మీదికి ఈనాటికీ ఆడవాళ్లు ఎక్కకూడదు. దారి మొదట్లో ద్వారం దగ్గర బోర్డు ఉంటుంది. ఆ శిఖరమూ, మేం నడుస్తున్న దారీ యునెస్కో జాబితాలో ఒకే పేరు కింద ఉన్నాయి. 2018లో శబరిమల మీద వచ్చిన సుప్రీంకోర్టు తీర్పూ, దాని తర్వాత జరిగిన గొడవా గుర్తున్న తెలుగువాళ్లకు ఇక్కడ వేరే వివరణ అక్కర్లేదు.

హొంగూ ఆలయాలకు రంగులు లేవు. సైప్రస్ బెరడు పొరలతో కప్పిన మందమైన కప్పులు, వాతావరణానికి నలుపెక్కిన కలప. ఎక్కడ చూసినా మూడు కాళ్ల కాకి బొమ్మ ఉంటుంది. జపాన్ మొదటి చక్రవర్తికి ఈ కొండల్లో దారి చూపిందని పురాణం చెప్పే యతగరాసు అదే. జపాన్ ఫుట్‌బాల్ జట్టు చొక్కా మీద ఉండేది కూడా ఈ కాకే. అత్తయ్య లోపలికి వెళ్లి, అక్కడివాళ్లను చూసి రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మళ్లీ వంగింది. ఆ తర్వాత తనదైన పద్ధతిలో లెంపలు వేసుకుంది. చాలాసేపు నిలబడింది. నేను పక్కకు వచ్చేశాను.

నిజానికి ఈ ఆలయం ఇక్కడ ఉండేది కాదు. కాస్త కింద, నదులు కలిసేచోట, ఓయునోహార అనే ఇసుక మేట మీద ఉండేది. అక్కడికి వంతెన ఉండేది కాదు. యాత్రికులు నీళ్లలో దిగి, గడ్డి చెప్పులు తడుపుకుంటూ వెళ్లాల్సిందే. ఆ తడవడమే శుద్ధి. 1889 ఆగస్టులో వచ్చిన వరదకు ఆలయాల్లో చాలావరకు కొట్టుకుపోయాయి. పైన కొండల్లో చెట్లు విచ్చలవిడిగా నరకడం ఆ వరదను అంత భయంకరం చేసిందంటారు. ఎగువన తొత్సుకావా గ్రామంలో సర్వం పోగొట్టుకున్నవాళ్లు దాదాపు 2500 మంది ఉత్తరాన హొక్కయిదోకి వలసపోయి, అదే పేరుతో కొత్త ఊరు కట్టుకున్నారు. మిగిలిన మందిరాలను 1891లో ఈ గుట్ట మీదికి చేర్చారు. పాత చోట ఇప్పుడు 2000లో నిలబెట్టిన ఉక్కు తోరణం ఉంది, ఎత్తు 33.9 మీటర్లు. దాని కింద మనిషి చాలా చిన్నగా కనిపిస్తాడు. నాకు తోరణం కన్నా వెనక ఉన్న ఖాళీ గడ్డినేల నచ్చింది.

ఆ గడ్డినేల మీద ఇప్పెన్ అనే సన్యాసి స్మారకశిల ఉంది. 1274లో ఆయన అమితాభుడి నామం రాసిన కాగితాలు పంచుతూ కుమానోకి వచ్చాడు. దారిలో ఒక సన్యాసి, నాకు నమ్మకం కలగడం లేదు, వద్దన్నాడు. నమ్మకం లేనివాడికి ఇవ్వవచ్చా అన్న సందేహంతో ఇప్పెన్ హొంగూ దేవుణ్ణి అడిగాడు. నమ్మేవాడా కాదా, శుద్ధుడా అశుద్ధుడా అని చూడకు, అందరికీ పంచు అన్నది వచ్చిన జవాబు. ఇజుమి షికిబు కథా, ఈ కథా ఒకే దేవుడి నోటివి. ఈ మాట మీద ఇప్పెన్ ఒక సంప్రదాయమే నిలబెట్టాడు. జీవితాంతం దేశమంతా తిరిగాడు.

దైనిచి కొండ దాటే దారి మూడు కిలోమీటర్ల పైచిలుకు. ఇది కష్టం. మొదట్లోనే నిటారు మెట్లు, రాళ్లు. ఏటా ఏప్రిల్ 13న తండ్రులు తమ చిన్నపిల్లల్ని యునోమినె వేడినీళ్లలో స్నానం చేయించి, భుజాల మీద ఎక్కించుకుని ఈ కొండ మీదుగా హొంగూకి తీసుకొస్తారు. ఆ వేళ పిల్లల ఒంట్లోకి దేవుడు వస్తాడని, వాళ్ల కాళ్లు నేలకు తగలకూడదని నియమం. ఈ ఎక్కుడులో ఒక పిల్లవాణ్ణి మోసుకుని నడవడమంటే మాటలు కాదు. మేం పది అడుగులు వేసి ఆగి, మళ్లీ పది అడుగులు వేశాం. అత్తయ్య మోకాలు మధ్యలో ఒకసారి పట్టేసింది. రాతి మీద కూర్చుని, నేను మర్దన చేస్తుంటే, "వెనక్కి మాత్రం వద్దు" అంది. దిగేటప్పుడు ముక్కుకు గంధకం వాసన తగిలింది.

కీ ద్వీపకల్పంలో రగులుతున్న అగ్నిపర్వతం ఒక్కటీ లేదు. అయినా యునోమినెలో నీళ్లు దాదాపు 90 డిగ్రీల వేడితో పైకొస్తాయి. కోటిన్నర ఏళ్ల కిందట ఈ ప్రాంతంలో బ్రహ్మాండమైన విస్ఫోటాలు జరిగాయి, కానీ ఆ వేడి ఇంతకాలం నిలవదు. ఇప్పుడు ఫిలిప్పీన్ సముద్రపు భూఫలకం ఈ కొండల అడుగుకు జారుతోంది. లోతుకు పోయేకొద్దీ ఒత్తిడికి అందులోని నీరు విడివడి, పగుళ్ల గుండా పైకి ఎగతన్నుతోందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఊరంటే ఒక చిన్న వాగు, దానికి అటూ ఇటూ పాత సత్రాలు, వాగంతా ఆవిరి. నడుమ చెక్కతో కట్టిన తొట్టిలో నీళ్లు కుతకుతలాడుతుంటాయి. పక్క కొట్లో వల సంచిలో గుడ్లు, చిలగడదుంపలు అమ్ముతారు. తొట్టిలో వేలాడదీస్తే ఉడుకుతాయి. ఎదురుగా తోకోజి గుడిలో భైషజ్య గురు బుద్ధుడి విగ్రహం వేడినీళ్ల ఖనిజాలు పేరుకుని తనంతట తానే ఏర్పడిందంటారు.

వాగు గట్టున చిన్న చెక్క పాక. అదే త్సుబోయు. ఇద్దరు ముగ్గురు కన్నా పట్టని రాతి గుంట. యాత్రామార్గంలో భాగంగా ప్రపంచ వారసత్వంలో చేరిన స్నానాల తొట్టి ఇది. కౌంటరులో నంబరు బిళ్ల తీసుకుని వరస కోసం ఆగాలి. ఒక్కో జట్టుకు అరగంట. మా ముందు ఇంకా మూడు జట్లున్నాయి. గుడ్డు వలుస్తూ అత్తయ్యకు ఒగురి కథ చెప్పాను.

ఒగురి అనే వీరుడికి అతని మామ పక్షం వాళ్లు విషం పెట్టి చంపారు. అతను ఎన్మ ముందు నిలబడ్డాడు. ఎన్మ అంటే మన యముడే. బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాన్ చేరాడు. ఒగురి అనుచరులు తమ ప్రభువును వదిలిపెట్టమని వేడుకుంటే, యముడు అతన్ని వెనక్కి పంపాడు. కళ్లు కనబడని, చెవులు వినబడని, మాట పెగలని ఎముకల గూడుగా సమాధిలోంచి లేచాడు. ఇప్పెన్ సంప్రదాయానికి చెందిన ఫుజిసావా మఠాధిపతి అతన్ని ఒక చక్రాల బండి మీద పెట్టి, మెడలో ఒక పలక కట్టాడు. ఈ బండిని ఒకసారి లాగితే వెయ్యి మంది సన్యాసులకు సంతర్పణ చేసిన పుణ్యం, రెండుసార్లు లాగితే పదివేల మందికి చేసిన పుణ్యం అని అందులో ఉంది. దారిన పోయేవాళ్లు తలా కాసేపు లాగారు. ఒక సత్రంలో దాసీగా బతుకుతున్న అతని భార్య తెరుతె, బండిలో ఉన్నది తన భర్తేనని తెలియకుండా అయిదు రోజులు లాగింది. కొండదారిలో బండి నడవక సన్యాసులు వీపు మీద మోశారు. ఈ నీళ్లలో ఏడు రోజులకు చూపు వచ్చింది, పద్నాలుగు రోజులకు వినికిడి, ఇరవై ఒకటికి మాట. నలభై తొమ్మిదో రోజుకు మునుపటి మనిషి అయ్యాడు.

ఊరు వెలేసిన కుష్ఠురోగులు ఒకప్పుడు యునోమినెకి వచ్చింది ఈ ఆశతోనే. అప్పుడు మందు లేదు, నీళ్లే ఉన్నాయి. నీళ్లు ఆ రోగాన్ని నయం చేయలేవు. కానీ ముట్టుకోవడానికి భయపడే మనిషిని కూడా పుణ్యం పేరు చెప్పి నలుగురి చేతా లాగించిన ఆ పలకను రాసినవాడు ఎవరో గానీ, అతనికి మనుషులు బాగా తెలుసు.

మా వంతు వచ్చింది. గుంటలోకి మెట్లు దిగాలి. ఇక్కడ సబ్బు వాడకూడదు, బట్టలతో దిగకూడదు. అత్తయ్య లోపలి లంగా గుండెల మీదికి కట్టుకుని నిలబడింది. నేను ముందు దిగి, మొహం అటు తిప్పుకున్నాను. కాసేపటికి నీళ్లు కదిలాయి. నీలం కలిసిన పాలరంగు నీళ్లు, అడుగున గులకరాళ్లు. ఆమె పొట్ట మీద కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మచ్చ ఉంది, నా పొట్ట మీద సిజేరియన్ మచ్చ. అత్తాకోడళ్లం ఒకరి ఒంటిని ఒకరం అంతవరకు చూసుకున్నది లేదు. "నీది అడ్డంగా కోశారా? మా రోజుల్లో నిలువుగా కోసేవాళ్లు" అంది. ఆ అరగంటలో పురుళ్ల గురించి, నెలల గురించి, పెరటి వరండాలో విడిగా పెట్టిన కంచం, చాప గురించి ఆమె చెప్పిన మాటలు మొత్తం మా కాపురంలో నాతో మాట్లాడినవాటికన్నా ఎక్కువ. నేనూ చెప్పాను. నా కూతురికి పదేళ్లు దాటాయి, రేపో మాపో పెద్దమనిషి అవుతుంది. "దాన్ని మాత్రం విడిగా కూర్చోబెట్టొద్దు" అని ఆమే అంది. నేను అడగలేదు.

ఒకటి మాత్రం చెప్పాలి. నెలసరి రోజుల్లో ఆడవాళ్లు నలుగురు దిగే వేడినీటి తొట్టిలో దిగకపోవడం జపాన్‌లో కూడా మర్యాదే. అది పంచుకునే నీటి శుభ్రతకు సంబంధించిన పద్ధతి. దేవుడి ముందుకు వెళ్లడానికీ దానికీ సంబంధం లేదు. ఈ తేడా పాటించడం ఏ సమాజానికైనా సాధ్యమే.

ఇక్కడికి దగ్గర్లోనే కవాయు అనే ఇంకో ఊరుంది. అక్కడ నది గులకరాళ్లు తోడితే వేడినీళ్లు ఊరతాయి. చలికాలంలో నదికి అడ్డుకట్ట వేసి వందల మంది స్నానం చేసేంత మడుగు చేస్తారు. ఇది చెప్పగానే అత్తయ్య, "మన భద్రాచలం దగ్గర గుండాలలోనూ అంతే, గోదావరి ఇసుక తోడితే వేడినీళ్లొస్తాయి" అంది. నిజమే, అక్కడ కూడా ఆ నీటికి భక్తులు వెళ్తారు. భూమి లోపలి వేడి ఎవరి కోసమూ ఎంచి పైకి రాదు.

జపాన్‌లో ఉన్న తెలుగువాళ్లకు, రాబోయేవాళ్లకు ఒక మాట. ఇంటి నుంచి అమ్మగానీ అత్తగారుగానీ వస్తే టోక్యో టవరు, క్యోటో గుళ్లు చూపించి పంపేయకండి, కుమానోకి తీసుకెళ్లండి. హొష్షిన్‌మోన్ నుంచి హొంగూ దాకా దారి చాలావరకు దిగుడే, నిదానంగా నడిస్తే మూడు నాలుగు గంటలు. దైనిచి కొండ మోకాళ్లకు కష్టమనిపిస్తే హొంగూ నుంచి యునోమినెకి బస్సుంది, పావుగంటలో దింపుతుంది. త్సుబోయు బిళ్ల మాత్రం ఊరు చేరగానే తీసుకోండి, వరస పొడుగు. గుడికి మాత్రం నెలలో ఏ రోజునైనా వెళ్లవచ్చు.